అడవి పద్దులో ‘చిన్న’ సరుకు

పదాలకు వర్గ స్వభావం ఉంటుందా అన్న చర్చ మన విమర్శలో పాతదే. ఆ చర్చను మళ్ళీ మొదటి నుంచి తిరగదోడడం నా ఉద్దేశం కాదు. ఒక్క పదాన్ని తీసుకుని, అది మన మధ్య ఏ పని చేస్తోందో చూడదలచుకున్నాను. ఆ పదం ‘చిన్న తరహా అటవీ ఉత్పత్తులు’. ప్రభుత్వ ఉత్తర్వుల్లో, పత్రికల వార్తల్లో, చివరికి గిరిజన జీవితం గురించి మనం రాసే వ్యాసాల్లో కూడా ఈ మాట ఏ అభ్యంతరమూ లేకుండా చెల్లుబాటవుతోంది. ఇప్పపువ్వు, తునికాకు, అడ్డాకు, తపసి బంక, చింతపండు, కరక్కాయ, కుంకుడుకాయ, సారపప్పు, తేనె - ఇవన్నీ ‘చిన్న’వి. కలపకు మాత్రం ఏ విశేషణమూ అక్కర్లేదు.

ఎవరి లెక్కలో చిన్న అన్నది మొదటి ప్రశ్న. ఏజెన్సీలో చాలా కుటుంబాలు ఉప్పుకీ, బట్టకీ, అప్పు వాయిదాకీ తెచ్చుకునే రొక్కంలో ముఖ్యమైన భాగం ఈ సరుకుల నుంచే వస్తుంది. ఇంట్లో గింజలు నిండుకున్న ఎండాకాలంలో ఇప్పపువ్వూ తునికిపండూ, వానలు మొదలయ్యాక వెదురు పిలకలూ దుంపలూ తిండి కూడా అవుతాయి. డిపోలో టేకు దుంగ వేలం వేసినప్పుడు ఆ ఇంటికి దక్కేది, దక్కితే, నరికిన కూలి. కాబట్టి ‘చిన్న’ అన్నది ఆ వస్తువుల్లో ఉన్న గుణం కాదు. ఖజానా గుమ్మంలో నిలబడి అడవిని చూసినవాడి కొలత అది. ఆ కొలత ఎలా పుట్టిందో, ఇవాళ్టికీ అడవి యాజమాన్యాన్ని ఎలా శాసిస్తోందో, మన సాహిత్యం దాన్ని ఎంతవరకు ప్రశ్నించిందో ఈ వ్యాసంలో పరిశీలిస్తాను.

ఇండియాలో అటవీశాఖ 1864లో ఏర్పడింది. దాని మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ డీట్రిక్ బ్రాండిస్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు. అంతకు ముందు బర్మాలో టేకు అడవుల లెక్క కట్టిన అనుభవం అతనిది. రైలు పట్టాల కింద స్లీపర్లకు, ఓడలకు, వంతెనలకు కలప కావాలి. అది ఏటేటా తరగకుండా కావాలి. ఆ అవసరం కడుపున పుట్టిన శాస్త్రం కనుక అది చెట్టును మొదలు చుట్టుకొలతతో కొలవడం నేర్చింది. పువ్వునీ, ఆకునీ, బంకనీ కొలవడం దానికి అవసరం కాలేదు. 1878 అటవీ చట్టమూ, మన కోస్తా, రాయలసీమలకు వర్తించిన 1882 మద్రాసు అటవీ చట్టమూ రిజర్వు హద్దులు గీసినప్పుడు ఈ కొలతే చట్టమయింది.

అయితే ఇక్కడొక విచిత్రం ఉంది. లెక్కించే చోట ‘చిన్న’వైన సరుకులు, లాక్కునే చోట చిన్నవి కాలేదు. 1879లో మొదలైన రంప పితూరీకి తక్షణ కారణాల్లో కల్లు మీద వేసిన చిగురు పన్ను ఒకటి. కల్లు కూడా చెట్టు నరకకుండా చెట్టు నుంచి తీసుకునే ఉత్పత్తే కదా! 1927 భారత అటవీ చట్టం ‘అటవీ ఉత్పత్తి’ని నిర్వచిస్తూ, కొన్ని వస్తువులు అడవిలో దొరికినా దొరకకపోయినా అటవీ ఉత్పత్తులే అన్నది. ఆ జాబితాలో కలప, బొగ్గులతో పాటు లక్క, కరక్కాయ, ఇప్పపువ్వు, ఇప్పగింజ ఉన్నాయి. అంటే పెరట్లో రాలిన ఇప్పపువ్వు కూడా చట్టం కంటికి అడవి సరుకే. పన్ను వేయడానికి, పట్టుకోవడానికి పెద్దది, మనిషి బతుకును లెక్కకట్టే వేళకు చిన్నది - ఈ రెండు నాలుకల పదాన్ని మనం అనువాదం చేసుకుని, విచారణ లేకుండా వాడుకుంటున్నాం.

ఈ వైరుధ్యం మన దేశానిదే కాదు. రైన్ ప్రాంతపు శాసనసభ కట్టెల దొంగతనం చట్టం మీద జరిపిన చర్చల గురించి 1842లో ఇరవై నాలుగేళ్ళ యువకుడు మార్క్స్ వరసగా వ్యాసాలు రాశాడు. పచ్చని చెట్టు నరకడమూ, రాలిన పుల్ల ఏరుకోవడమూ ఒకే నేరం ఎలా అవుతాయని ప్రశ్నించాడు. ఏరుకోవడంలో పేదల ఆచార హక్కు ఉందన్నాడు. అడవి పళ్ళు బజారు సరుకు కాగానే వాటిని ఏరుకునే హక్కు గుత్తాధిపత్యం కిందికి పోతున్న సంగతి కూడా గమనించాడు. ఆర్థిక సంబంధాల అధ్యయనం వైపు తనను మళ్ళించిన వాటిలో ఈ చర్చ ఒకటని తర్వాత తనే చెప్పుకున్నాడు. మన ఇప్పపువ్వు సమస్యకు అంత పెద్ద బంధువర్గం ఉంది.

ఇక అటవీశాఖ రాసే పాఠంలోకి వద్దాం. ప్రతి అటవీ డివిజన్‌కూ కొన్నేళ్ళకోసారి, సాధారణంగా పదేళ్ళకు, ఒక వర్కింగ్ ప్లాన్ రాస్తారు. విమర్శకులు ఈ పుస్తకాలు చదవరు. చదవాలని నేనంటాను. ఒక నవలలో ఎవరికి పేరుంది, ఎవరు పేరు లేకుండా తిరుగుతున్నారు అని చూసినట్టే ఇందులోనూ చూడవచ్చు. ప్లాన్ అడవిని ‘సర్కిళ్ళు’గా విడదీస్తుంది. ప్లాంటేషన్లకు ఒకటి, ఏరి నరికే అడవికి ఒకటి, రక్షించవలసిన వాలు నేలలకు ఒకటి. కలప కాని ఉత్పత్తులకు మాత్రం మామూలుగా సొంత నేల ఉండదు. వాటికి ‘ఓవర్‌లాపింగ్ సర్కిల్’ అని పెడతారు. అంటే మిగతా సర్కిళ్ళ మీదే ఇది కూడా పరుచుకుని ఉంటుందని అర్థం. అడవిని ఉభయ ప్రయోజనాలకూ నిర్వహిస్తున్నాం అనే మాట ఈ ఏర్పాటు మీదే ఆధారపడి ఉంది. కింద ఉన్న సర్కిల్‌లో నరకమని రాసి ఉంటే, పైన పరిచిన సర్కిల్ ఏమవుతుంది?

అడ్డాకు ఉదాహరణ తీసుకోండి. విశాఖ ఏజెన్సీలో ఆడవాళ్ళు కోసి, ఎండబెట్టి, విస్తళ్ళకు అమ్మే ఆకు అది. అడ్డ పెద్ద తీగ. చెట్లను చుట్టుకుని పైకి పాకుతుంది. కలప శాస్త్రం ప్రకారం తీగ చెట్టుకు శత్రువు. మాను వంకరపోతుంది, పెరుగుదల తగ్గుతుంది. అందుకని అడవి బాగు కోసం చేయవలసిన పనుల్లో ‘తీగలు నరకడం’ ఒకటిగా పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అలా చెప్పేటప్పుడు అడ్డతీగను పేరుపెట్టి చెబుతాయి కూడా. ఒక అధ్యాయంలో కలుపు అయిన మొక్క, వెనకాల మరో అధ్యాయంలో ఆదాయమిచ్చే ఉత్పత్తి. రెండు అధ్యాయాలూ ఎదురుపడి మాట్లాడుకోవు. పాడేరు వైపు ఒక సంతలో అడ్డాకు కట్టలు పెట్టుకుని కూర్చున్న ఒక ముసలమ్మతో ఈ సంగతి కదిపితే ఆమె అన్నది: “సెట్టు ఆల్లదంట బాబూ, తీగ మాదంట. సెట్టు కొట్టీసినాక తీగ దేన్ని పట్టుకుంటాది?” ఓవర్‌లాపింగ్ సర్కిల్ మీద ఇంతకన్నా సూటి విమర్శ నేనెక్కడా చదవలేదు.

ఆమె ప్రశ్న ఒక్క అడ్డకే పరిమితం కాదు. ఒకే చెట్టు మీద రెండు కాలెండర్లు నడుస్తుంటాయి. తునికి చెట్టుకు ఫిబ్రవరి, మార్చిల్లో మోళ్ళు కొడితే ఏప్రిల్, మే నెలలకు లేత ఆకు బీడీకి పనికొచ్చేలా వస్తుంది. యాభై ఆకులు ఒక కట్ట. కానీ ఏటా మోడు కొట్టిన తునికి పొదగానే ఉండిపోతుంది. చెట్టయి పండు ఇవ్వదు, కలపా ఇవ్వదు. ఇప్పచెట్టు కింద పువ్వు ఏరడానికి వీలుగా రాలిన ఆకు తగలబెడితే, ఆ మంటలో ఇప్ప మొలకలే మాడిపోతాయి. తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాటు పెడితే ఆ ఏడాది బంక ఎక్కువ వస్తుంది, కొన్నేళ్ళకు చెట్టు చస్తుంది. కలపకీ మిగతా ఉత్పత్తులకీ మధ్యే కాదు, ఆకుకీ పండుకీ మధ్య, ఈ ఏటి బంకకీ వచ్చే ఏటి బంకకీ మధ్య కూడా ఘర్షణ ఉంది. అడవిని అన్నిటికీ నిర్వహించడం అంటే ఈ ఘర్షణలో ప్రతిసారీ ఒక తీర్పు చెప్పడం. తీర్పు ఎవరు చెబుతారన్నదే అసలు రాజకీయం. ‘చిన్న’ అన్న పదం ఆ తీర్పును విచారణకు ముందే రాసిపెట్టింది.

వెదురు కథ దీనికి గట్టి రుజువు. వెదురు గడ్డిజాతి మొక్క అని వృక్షశాస్త్రం చెబుతుంది. 1927 చట్టం మాత్రం దాన్ని ‘చెట్టు’ అన్నది. చెట్టయితే కలప, కలపయితే సర్కారుది. సిర్పూర్ కాగజ్‌నగర్, రాజమండ్రి, భద్రాచలం దగ్గరి సారపాక - ఈ కాగితం మిల్లులకు దశాబ్దాల పాటు మన అడవుల వెదురు తరలిపోయింది. ఈ రోజు మిల్లులు ఎక్కువగా రైతులు పెంచే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ మీద నడుస్తున్నాయి గానీ, ఒక తరం తెలుగు సాహిత్యం ఆ వెదురు గుజ్జు మీద కూడా అచ్చయిందన్న సంగతి రచయితలుగా మనం మరవకూడదు. తడిక, బుట్ట, చేట, నిచ్చెన అల్లుకునేవాడికి కావలసింది కూడా ఆ వెదురే. అతనిది ‘వాడకం’, మిల్లుది ‘పరిశ్రమ’.

కర్ణాటకలో 1958లో మొదలైన దాండేలి కాగితం మిల్లుకు టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చారు. బుట్టలల్లేవాడు బజారులో దానికి ఎన్నో రెట్లు పెట్టి కొనుక్కున్నాడు. అక్కడి వెదురు ఎందుకు తరిగిపోతోందని పర్యావరణ శాస్త్రజ్ఞుడు మాధవ్ గాడ్గిల్ అధ్యయనం చేసినప్పుడు ఇంకో విషయం బయటపడింది. పొద మొదట్లో ఉండే ముళ్ళకంపను తీసేస్తే వెదురు బాగా పెరుగుతుందని అధికారులు దాన్ని నరికించారు. ఆ కంపే పశువుల నుంచి, అడవి జంతువుల నుంచి లేత పిలకలను కాపాడుతోందని ఊరివాళ్ళకు తెలుసు. కంప పోయింది, పిలకలను జంతువులు మేసేశాయి. శాస్త్రం ఒక పక్కా, అజ్ఞానం ఇంకో పక్కా ఉన్నాయని మనకు నేర్పిన బొమ్మ ఇక్కడ తలకిందులవుతుంది. పిలకను రోజూ చూసేవాడి జ్ఞానం ప్లాన్‌లోకి ఎక్కే దారి లేకపోవడమే అక్కడి లోపం.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. అడవిని గిరిజనులు కూడా పాడు చేస్తున్నారు కదా, కాయ కోసం ఉసిరి కొమ్మలు విరుస్తారు, సారపప్పు కోసం ముదరని కాయే దూసుకుంటారు అని. ఇది జరగడం లేదని నేననను. గిరిజనుడిని ప్రకృతి మాత ముద్దుబిడ్డగా చిత్రించి ఈ ప్రశ్న నుంచి తప్పించుకోవడం అభ్యుదయ దృక్పథం కాదు, పాత కాల్పనికతే. కానీ కారణం వెతకాలి. నేను ఇవాళ దూయని కాయను రేపు ఇంకొకడు దూస్తాడని తెలిసినప్పుడు, చెట్టు నాది కానప్పుడు, కొనేవాడు బరువుకే డబ్బిచ్చినప్పుడు, ముదిరేదాకా ఆగమని ఎవరికి చెప్పగలం? హక్కు లేనిచోట ఓపిక ఉండదు. తన పెరటి చింతచెట్టు కొమ్మలు ఏ గిరిజనుడూ విరగ్గొట్టుకోడు.

మరి హక్కు ఇచ్చారు కదా అంటారు. చట్టాల వరస చూద్దాం. 1956లో గిరిజన సహకార సంస్థ విశాఖపట్నం కేంద్రంగా పుట్టింది. దళారీ, షావుకారు తూకాల నుంచి కాపాడటం దాని లక్ష్యం. ఆ అవసరం నిజమైనదే. 1979 రెగ్యులేషన్ ఏజెన్సీ ప్రాంతాల్లో ఈ సరుకుల వ్యాపారాన్ని ప్రభుత్వ గుత్తాధిపత్యం కిందికి తెచ్చింది. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం ఈ ఉత్పత్తుల యాజమాన్యాన్ని గ్రామసభలకు ఇమ్మంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును కూడా ఈ జాబితాలో చేర్చి, సేకరణ, వినియోగం, అమ్మకం మీద యాజమాన్య హక్కును గుర్తించింది. సరుకుకు యజమాని, కానీ కొనేవాడు ఒక్కడే అయితే ఆ యాజమాన్యం ధర దగ్గర ఆగిపోతుంది. తునికాకు కట్ట రేటు కోసం 1980ల్లో ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం అడవుల్లో ఎందుకు పోరాడవలసి వచ్చిందో గుర్తుచేసుకుంటే ఈ మాట అర్థమవుతుంది.

పైగా 2006 చట్టం కూడా పాత గీతను చెరపలేదు. హక్కు వచ్చింది కలప కాని ఉత్పత్తుల మీద. కలప గీతకు అవతలే ఉంది. అయినా ఆ గీత ఇవతల ఏం చేయవచ్చో కొన్ని ఊళ్ళు చూపించాయి. మన సరిహద్దు దాటితే వచ్చే గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖా అనే గోండు గ్రామం సామూహిక హక్కులు సాధించుకుని, 2011లో వెదురు రవాణా పర్మిట్లు ఇచ్చే అధికారం కూడా గ్రామసభ చేతికి తెచ్చుకుంది. ఎంత నరకాలి, ఎప్పుడు నరకాలి అన్నది సభ కూర్చుని తేల్చుకునే విషయమయింది. 2013 నుంచి విదర్భలో పలు గ్రామసభలు తునికాకును తామే వేలం వేస్తూ వచ్చాయి.

కలపా, కలప కానిదీ రెండూ ఒకే చేతిలో ఉంటే ఏమవుతుందో చూడాలంటే మెక్సికో దాకా వెళ్ళాలి. అక్కడ క్వింటానా రో రాష్ట్రంలో మహాగని అడవులు పాతికేళ్ళకు పైగా ఒక కంపెనీ కౌలు కింద ఉన్నాయి. ఆ కౌలు తీరాక, 1983లో మొదలైన పథకంతో ఎహీడోలు - విప్లవానంతర భూసంస్కరణతో వచ్చిన సామూహిక గ్రామాలు - తమ అడవిని తామే నరికి అమ్ముకునే హక్కు చేపట్టాయి. కొంత భూమి ఎప్పటికీ అడవిగానే ఉండాలని సభలు తీర్మానించుకున్నాయి. మహాగనిని 25 ఏళ్ళకోసారి తిరిగి వచ్చేలా వంతులవారీగా నరకాలనుకున్నాయి. ఆ అడవిలోనే సపోటా జాతి చెట్టు నుంచి ‘చిక్లే’ అనే పాలు తీస్తారు. ఒకప్పుడు నమిలే గమ్‌కు మూలం అదే. ఆ చెట్టు కలప కూడా గట్టిది, అమ్ముడుపోయేదే. పాల కోసం ఉంచాలా, కలపకు నరకాలా అన్న తగవు అక్కడా వచ్చింది. తేడా ఏమిటంటే, పాలు తీసేవాడూ కలప కొట్టేవాడూ అదే సభలో కూర్చున్నారు. అక్కడంతా సవ్యంగా ఉందని కాదు. మహాగని మొలకకు వెలుతురు కావాలి, అక్కడొకటి ఇక్కడొకటి ఏరి నరికితే సరిగా లేవదని పరిశోధకులు ఎత్తిచూపారు. కానీ తప్పు జరిగితే దిద్దుకోవలసినవాడు, నష్టపోయేవాడు ఒక్కరే కావడం చిన్న విషయం కాదు.

ఇప్పుడు మన సాహిత్యం సంగతి. విభూతిభూషణ్ ‘ఆరణ్యక్’ తెలుగులో ‘వనవాసి’గా మనకు చాలా ప్రియమైన నవల. అందులో మేనేజరు సత్యచరణ్ అడవిని ప్రేమిస్తూనే దాన్ని ముక్కలు చేసి కౌలుకిస్తాడు. ఆ బాధ నిజాయితీగలది. కానీ ఆ బాధలో అడవి ప్రధానంగా చూపుకు అందే సౌందర్యం. గోపీనాథ్ మహంతి ‘పరజా’ (1945) ఇంకో అడుగు ముందుకు వేసింది. మనకు ఆనుకునే ఉన్న కోరాపుట్ కొండల్లో సుక్రు జానీ అడవి నరికినందుకు జుల్మానా కడతాడు. ఆ జుల్మానా అప్పవుతుంది, అప్పు గోతి వెట్టి అవుతుంది. ఫారెస్టు గార్డు కన్ను, షావుకారు తూకం, మనిషి పతనం - ఈ మూడింటినీ ఒకే తాడు మీద చూపిన నవల అది. మహాశ్వేతాదేవి ‘అరణ్యేర్ అధికార్’ (1977), సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీం’ (1983) అడవి ఎవరిదన్న ప్రశ్నను సాహిత్యంలో తప్పించుకోలేనిదిగా నిలబెట్టాయి. వాటికి మనం రుణపడి ఉన్నాం.

అయినా తెలుగు కథ మొత్తం మీద చూస్తే అడవి రెండు రూపాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఒకటి ప్రకృతి, రెండోది రణరంగం. పనిచేసే చోటుగా అడవి తక్కువ. పోడు వచ్చింది, ఎందుకంటే అది వ్యవసాయం. నాగలి మనకు తెలుసు. ఏరడం రాలేదు. తెల్లవారుజామున లేచి ఇప్పచెట్టు కిందికి పోవడం, యాభై ఆకులు లెక్క తప్పకుండా కట్ట కట్టడం, కల్లంలో కట్టను పక్కకు తోసేసే గుమాస్తాతో తగవు పడటం, తపసి బంకను రంగు బట్టి ఏరి వేరు చేయడం - ఇది శ్రమ. నైపుణ్యం ఉన్న శ్రమ. ఎక్కువ భాగం స్త్రీల శ్రమ. ఈ శ్రమను మన కథకులు నేపథ్యంలో పెట్టారు. అటవీశాఖ దాన్ని ఓవర్‌లాపింగ్ సర్కిల్‌లో పెట్టింది. ఉద్దేశాలు వేరైనా ఫలితం ఒకటే. ఏరే మనిషిని ఉత్పత్తిదారుగా చూడకపోవడం.

వస్తువు కొత్తదైతే శిల్పం కూడా దానికి తగ్గట్టు మారాలి. ఏరుకునే అడవిని రాయదలచిన రచయిత ముందుగా దాని కాలెండరు నేర్చుకోవాలి. ఏ నెలలో ఏది రాలుతుంది, దాన్ని ఎవరు కొంటారు, ఏ తూకంతో కొంటారు, ఏ చెట్టు మీద ఎవరికి మాట చెల్లుతుంది అన్నవి తెలియకుండా రాసిన అడవి కథ, వడ్డీ తెలియకుండా రాసిన రైతు కథలాంటిదే.

నా వాదన ఇంతే. కలపనూ, కలప కానిదాన్నీ కలిపి నిర్వహించడం అనేది ప్లాన్‌లో మరో అధ్యాయం చేర్చడంతో అయ్యే పని కాదు. అడ్డతీగను నరకమనే అధ్యాయం రాసేటప్పుడు అడ్డాకు కోసే మనిషి ఆ బల్ల దగ్గర కూర్చుని ఉండాలి. వద్దని చెబితే ఆ మాట చెల్లాలి. చెట్టు మీద నిర్ణయాధికారం సర్కారుకూ, రాలిన ఆకు మీద హక్కు ఊరికీ ఇచ్చిన పంపకం ఎంత ఉదారంగా కనిపించినా అది ఓవర్‌లాపింగ్ సర్కిలే. మనవైపు నుంచి చేయగలిగిన మొదటి పని చాలా చిన్నదే, కానీ మన చేతిలో ఉన్నది. ‘చిన్న తరహా’ అన్న మాటను మన రాతల్లోంచి తీసేద్దాం. ఇప్పపువ్వును ఇప్పపువ్వనీ, తునికాకును తునికాకనీ రాద్దాం. పేరు పెట్టి పిలిచిన వస్తువు వెనక దాన్ని ఏరిన మనిషి కనిపిస్తుంది.